చోరీ కేసులో పోలీసు సోదాను సవాలు చేయడం ఎలా

ఇళ్లలో దొంగతనాల కేసుల్లో ప్రాసిక్యూషన్ ఎక్కువగా ఆధారపడేది ముద్దాయి దగ్గర దొరికిందని చెప్పే సొత్తు మీదే. రాత్రివేళ తాళం పగలగొట్టిన మనిషిని కళ్లారా చూసిన సాక్షి దొరకడం అరుదు. పనికొచ్చే వేలిముద్రలు అన్నిచోట్లా దొరకవు. భారతీయ సాక్ష్య అధినియం (పాత ఎవిడెన్స్ యాక్టు స్థానంలో వచ్చిన చట్టం) 119వ సెక్షన్ కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ ప్రకారం, దొంగతనం జరిగిన కొద్దికాలానికే ఆ సొత్తు ఎవరి దగ్గర కనిపించిందో, అది తనకు ఎలా వచ్చిందో అతను చెప్పలేకపోతే, అతనే దొంగ అని గాని, దొంగసొత్తని తెలిసి తీసుకున్నాడని గాని కోర్టు భావించవచ్చు. రాత్రిపూట ఇంట్లోకి చొరబడి దొంగతనానికి పాల్పడితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 331వ సెక్షన్ కింద 14 ఏళ్ల వరకు జైలుశిక్ష పడే వీలుంది. ఫలానా బీరువాలో ఒక గొలుసు, ఒక జత గాజులు దొరికాయని రాసిన పంచనామా మీద ఇంత భారం ఉంటుంది కనుక, ఆ పంచనామా ఎలా పుట్టిందో నిలదీసి అడగాలి. అలా అడగడం ముద్దాయికి ఎంత అవసరమో, అసలు దొంగ దొరకాలని కోరుకునే బాధితుడికీ అంతే అవసరం.

ఈ విషయంలో రెండు అపోహలు బలంగా నాటుకుపోయాయి. వారెంటు లేకుండా సోదా చేశారు కాబట్టి కేసు కొట్టేస్తారని ముద్దాయి తరఫువారు నమ్ముతారు. సోదాలో ఎన్ని తప్పులున్నా మన కోర్టులు పట్టించుకోవని మరికొందరు నిరాశపడతారు. రెండూ తప్పే. చోరీ కేసుల్లో ఎక్కువ సోదాలు వారెంటు లేకుండానే జరుగుతాయి, చట్టం అందుకు అనుమతిస్తుంది. చట్టవిరుద్ధంగా సోదా చేసినంత మాత్రాన అందులో దొరికిన వస్తువును సాక్ష్యంగా తీసుకోకూడదన్న నియమం మన దేశంలో లేదని సుప్రీంకోర్టు 1974 నాటి లా రిపోర్టుల్లో (తీర్పులను ప్రచురించే సంపుటాల్లో) ఉన్న పూరన్‌మల్ తీర్పులోనూ, 2005 నాటి పల్టన్ మల్లా తీర్పులోనూ స్పష్టం చేసింది. అయితే అలాంటి సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా పరిశీలించాలని 1963 నాటి లా రిపోర్టుల్లో ఉన్న రాధాకిషన్ తీర్పు చెబుతోంది. కాబట్టి మన వాదన “ఈ సాక్ష్యాన్ని బయట పారేయండి” అన్న చోట ఆగిపోతే నిలబడదు. “ఈ సొత్తు నిజంగా ఇక్కడ, ఈ మనిషి దగ్గర, వీళ్లు చెప్పిన సమయంలో దొరికిందని నమ్మడానికి లేదు” అన్న చోటికి చేరాలి. అక్కడికి చేర్చేవి సోదా జరిగిన తొలి రోజుల్లోనే సేకరించిన పత్రాలు. విచారణ మొదలయ్యేనాటికి వాటిలో చాలా మటుకు దొరకవు.

పోలీసులు ఏ అధికారంతో వచ్చారు?

మొదట తేల్చుకోవలసింది ఇదే, ఎందుకంటే సవాలు చేసే దారి దీన్నిబట్టే మారుతుంది. 2024 జూలై 1 నుంచి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. చోరీ కేసులో పోలీసులు ఇంటికి వచ్చే మార్గాలు దాని ప్రకారం ముఖ్యంగా నాలుగు. మేజిస్ట్రేటు ఇచ్చిన సోదా వారెంటు ఒకటి. ఇది 96వ సెక్షన్ కింద గాని, దొంగసొత్తు దాచే లేదా అమ్మే చోట్లకు వర్తించే 97వ సెక్షన్ కింద గాని రావచ్చు. దర్యాప్తు అధికారి 185వ సెక్షన్ కింద తానే నిర్ణయించుకుని చేసే సోదా రెండోది. అరెస్టు చేయవలసిన వ్యక్తి లోపల ఉన్నాడని 44వ సెక్షన్ కింద ఇంట్లోకి రావడం మూడోది. ముద్దాయిని కస్టడీలో ప్రశ్నించగా సొత్తు దాచిన చోటు చెప్పాడని, అతన్ని వెంటబెట్టుకుని వచ్చి స్వాధీనం చేసుకోవడం నాలుగోది. దీనికి సాక్ష్య అధినియం 23వ సెక్షన్‌లోని మినహాయింపు ఆధారం. నేరం పాతదై, దర్యాప్తు 2024 జూలై 1 కంటే ముందే మొదలై ఉంటే పాత కోడ్ నిబంధనలే వర్తిస్తాయి. అప్పుడు 185కు బదులు 165వ సెక్షన్, 103కు బదులు 100వ సెక్షన్ చూసుకోవాలి.

పంచనామాలో ఈ నాలుగింటిని కలగలిపి రాయడం తరచుగా కనిపిస్తుంది. మొదటి పేజీలో ముద్దాయి ఒప్పుకోలు, రెండో పేజీలో ఇంటి సోదా, చివర స్వాధీనం, అన్నీ ఒకే పత్రంలో, ఒకే చేతిరాతతో ఉంటాయి. అలాంటి పత్రం చేతికి వస్తే ఏ వాక్యం ఏ అధికారం కిందికి వస్తుందో పక్కన గుర్తు పెట్టుకుంటూ చదవండి. అధికారం మారినచోటల్లా పాటించవలసిన నిబంధన కూడా మారుతుంది.

వారెంటు ఉన్నప్పుడు

వారెంటు చూపించమని అడిగి, చదివి, వీలైతే ఫోటో తీసుకోండి. అది రాతపూర్వకంగా ఉండాలి, జారీ చేసిన అధికారి సంతకం, కోర్టు ముద్ర ఉండాలి. 97వ సెక్షన్ కింద అయితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మాత్రమే దాన్ని ఇవ్వగలరు. కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న పోలీసు అధికారికే దాని అమలు అప్పగించాలి. 96వ సెక్షన్ కింద ఇచ్చిన వారెంటులో ఫలానా ఇల్లు అనో, ఇంట్లో ఫలానా భాగం అనో పరిమితి పెట్టి ఉంటే సోదా ఆ పరిమితి దాటకూడదు. కింది అంతస్తు పేరుతో వచ్చిన వారెంటుతో పై అంతస్తులో అద్దెకున్నవారి బీరువా తెరిస్తే అది వారెంటు అమలు అనిపించుకోదు. డోర్ నంబరు, పోర్షను, ఇంటి యజమాని పేరు, క్రైమ్ నంబరు, వెతకవలసిన వస్తువుల వివరాలు ఒక్కొక్కటే సరిచూసుకోండి.

వారెంటు పైకి సక్రమంగా కనిపించినా, అది పుట్టిన తీరును ప్రశ్నించవచ్చు. 97వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటుకు సమాచారం అందాలి, ఆయన అవసరమనుకున్న మేరకు విచారణ జరపాలి, ఆ చోటును దొంగసొత్తు దాచడానికో అమ్మడానికో వాడుతున్నారని నమ్మడానికి ఆయనకు కారణం కనిపించాలి. అందువల్ల పోలీసులు పెట్టుకున్న దరఖాస్తుకు, దానిపై మేజిస్ట్రేటు రాసిన ఉత్తర్వుకు కలిపి ధ్రువీకృత నకళ్లు కోరాలి. దరఖాస్తులో ఏ ఆధారమూ చెప్పకుండా “విశ్వసనీయ సమాచారం మేరకు” అన్న ఒక్క మాటతో సరిపెట్టి, ఉత్తర్వులో “అనుమతించడమైనది” అని మాత్రమే ఉంటే, మేజిస్ట్రేటు తన బుద్ధిని వినియోగించలేదన్న వాదనకు గట్టి పునాది దొరికినట్టే.

ఇక్కడ తెలుగువారికి దగ్గరి తీర్పు ఒకటుంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్ వర్సెస్ కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు ఇస్తూ, స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ కారణాలేమీ నమోదు చేయనక్కరలేకుండా ఎవరి దగ్గరి పత్రాలనైనా తనిఖీ చేసి పట్టుకెళ్లే అధికారం ఇస్తోందని తప్పుపట్టింది. అది చోరీ కేసు కాదు, పోలీసు సోదా కూడా కాదు. అయినా సోదా వ్యక్తి గోప్యతలోకి చొరబాటు అవుతుందని, దానికి సహేతుకమైన కారణం కనిపించాలని చెప్పినందున మన వాదనకు పనికొస్తుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పాక ఆ తీర్పు బలం ఇంకా పెరిగింది.

ఒక హెచ్చరిక అవసరం. 97వ సెక్షన్ వారెంటును ఆ అధికారం లేని మేజిస్ట్రేటు పొరపాటున, సద్భావంతో జారీ చేసినా ఆ కారణం మీదే చర్యలు రద్దు కావని 506వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి జారీ చేసినవారి పరిధి గురించి ఒక్కటే వాదన పెట్టుకుని కోర్టుకు వెళ్లడం మంచిది కాదు.

వారెంటు లేకుండా చేసిన సోదా

చోరీ కేసుల్లో అసలు పోరాటం 185వ సెక్షన్ దగ్గరే జరుగుతుంది. వారెంటు లేకుండా ఇంట్లోకి రావడానికి చట్టం పోలీసుకు అనుమతి ఇచ్చింది గాని, ఆ అనుమతికి ముందు షరతులు పెట్టింది. దర్యాప్తుకు అవసరమైన వస్తువు తన స్టేషను పరిధిలోని ఫలానా చోట ఉందని నమ్మడానికి సహేతుకమైన ఆధారం ఉండాలి. అనవసర జాప్యం లేకుండా మరో మార్గంలో దాన్ని పొందడం సాధ్యం కాదని అధికారికి అనిపించాలి. ఆ నమ్మకానికి కారణాలను, ఏ వస్తువు కోసం వెతకబోతున్నారో వీలైనంత వివరంగా సోదాకు ముందే కేస్ డైరీలో (దర్యాప్తు అధికారి రోజువారీగా రాసే పుస్తకంలో) రాయాలి. సాధ్యమైతే తానే స్వయంగా సోదా చేయాలి. వేరొకరిని పంపితే కారణం రాసి, చోటును, వస్తువును పేర్కొంటూ ఆ కింది అధికారికి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. కారణాలు నమోదు చేయకుండా చేసిన సోదా చట్టవిరుద్ధమని 1960 నాటి లా రిపోర్టుల్లో ఉన్న స్టేట్ ఆఫ్ రాజస్థాన్ వర్సెస్ రెహమాన్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

సామాన్యుడి చేతికి చట్టం ఇచ్చిన మంచి ఆయుధం ఇదే సెక్షన్‌లో ఐదో ఉపసెక్షన్. సోదాకు ముందు రాసిన ఆ కారణాల నకలును వెంటనే, ఎట్టి పరిస్థితుల్లోనూ 48 గంటలు దాటకుండా, దగ్గరలోని అధికారం గల మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ ఇంటి యజమాని లేదా అందులో ఉంటున్నవారు దరఖాస్తు చేసుకుంటే మేజిస్ట్రేటు దాని నకలును ఉచితంగా ఇవ్వాలి. ఈ హక్కును వాడుకునేవారు చాలా తక్కువ అన్నది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఛార్జిషీటు వచ్చాక చూసుకుందామని ఊరుకుంటే, ఆ నకలు కోర్టుకు ఎప్పుడు చేరిందో, అసలు చేరిందో లేదో తేల్చడం కష్టమైపోతుంది. మూడో రోజే దరఖాస్తు పెడితే రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది: కారణాల నకలు మీ చేతికి వస్తుంది, లేదా అలాంటిదేదీ అందలేదని కోర్టు రికార్డుకెక్కుతుంది. రెండూ మీకు పనికొచ్చేవే.

దరఖాస్తు సుదీర్ఘంగా ఉండనక్కరలేదు. ఈ తరహాలో రాస్తే చాలు: “నేను పై చిరునామాలో కుటుంబంతో నివసిస్తున్నాను. ఫలానా తేదీ ఉదయం 6 గంటల ప్రాంతంలో ఫలానా పోలీసు స్టేషను సిబ్బంది వారెంటు చూపకుండా మా ఇంటిని సోదా చేసినారు. స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు మాకు ఇవ్వలేదు. కావున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ఐదవ ఉపసెక్షన్ ప్రకారం సోదాకు ముందు నమోదు చేసిన కారణాల నకలును, అది ఈ కోర్టుకు అందిన తేదీ, సమయం వివరాలతో సహా ఇప్పించవలసినదిగా, 105వ సెక్షన్ ప్రకారం తీసిన ఆడియో వీడియో రికార్డింగును భద్రపరచవలసినదిగా ఉత్తర్వులు జారీ చేయ ప్రార్థన.” క్రైమ్ నంబరు తెలిస్తే రాయండి, తెలియకపోతే స్టేషను పేరు, తేదీ రాసి దాఖలు చేయండి. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకునే స్థోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.

సోదా జరిగిన ఇల్లు వేరే స్టేషను పరిధిలో ఉంటే 186వ సెక్షన్ చూడాలి. మామూలుగా అక్కడి స్టేషను అధికారి ద్వారా సోదా చేయించుకోవాలి. జాప్యం జరిగితే సొత్తు మాయమవుతుందనుకుంటే నేరుగా వెళ్లవచ్చు గాని, వెంటనే ఆ స్టేషనుకు జాబితాతో పాటు సమాచారం, దగ్గరలోని మేజిస్ట్రేటుకు కారణాల నకలు పంపాలి. గుంటూరు నుంచి వచ్చిన బృందం హైదరాబాదులోని నగల దుకాణాన్ని సోదా చేసిన సందర్భాల్లో ఈ అంశం ముందుకొస్తుంది.

రాత్రిపూట చేసిన సోదా చెల్లదని చాలామంది అనుకుంటారు. 185వ సెక్షన్‌లో అలాంటి నిషేధం లేదు. మహిళను సూర్యాస్తమయం తర్వాత అరెస్టు చేయడంపై ఉన్న ఆంక్షలు వేరు, ఇంటి సోదా వేరు. రెండింటినీ కలిపి వాదిస్తే బలమైన అంశాలు కూడా పలుచబడిపోతాయి.

సోదా జరుగుతుండగా చేయవలసినవి

అడ్డుకోకండి. చట్టవిరుద్ధమైన సోదాను ప్రతిఘటించవచ్చునని రాధాకిషన్ తీర్పులో ఉన్న మాట నిజమే గాని, తలుపు దగ్గర నిలబడి ఆ సోదా చట్టబద్ధమో కాదో తేల్చగలవారు ఎవరూ లేరు. తోపులాట జరిగితే ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించారన్న మరో కేసు మెడకు చుట్టుకుంటుంది. అభ్యంతరాన్ని స్పష్టంగా, మర్యాదగా, వీలైతే వీడియోలో నమోదయ్యేలా నోటితో చెప్పండి.

103వ సెక్షన్ ప్రకారం సోదాకు ముందే ఆ ప్రాంతంలో నివసించే ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది స్వతంత్రులైన, గౌరవనీయులైన వ్యక్తులను పిలవాలి. అక్కడివారు దొరకకపోతేనో, ముందుకు రాకపోతేనో వేరే ప్రాంతంవారిని పిలవవచ్చు. మన దగ్గర వీరినే మధ్యవర్తులు, పంచులు అంటారు. వీరి పేర్లు, ఊళ్లు, ఎవరితో కలిసి ఏ వాహనంలో వచ్చారో అప్పుడే గుర్తుపెట్టుకుని రాసుకోండి. పోలీసు జీపులోనే వచ్చారా, అదే స్టేషనుకు తరచుగా పంచులుగా వెళ్లేవారా, పక్కింటివారిని ఎవరైనా అడిగారా అన్నవి తర్వాత కీలకమవుతాయి. ఇంట్లో ఉంటున్న వ్యక్తిని గాని, అతని తరఫున ఒకరిని గాని సోదా మొత్తం సమయంలో దగ్గర ఉండనివ్వాలి. మీరు వంటింట్లో, పోలీసులు పడకగదిలో ఉన్న స్థితి రానివ్వకండి. ఏ గదికి వెళితే ఆ గదికి కూడా వెళ్లండి. మహిళ ఒంటిమీద వెతకవలసి వస్తే మరో మహిళే, మర్యాద పాటిస్తూ వెతకాలి.

స్వాధీనం చేసుకున్న ప్రతి వస్తువునూ, అది దొరికిన చోటునూ జాబితాలో రాసి పంచుల సంతకాలు తీసుకోవాలి. దాని నకలు మీకు ఇవ్వాలి. ఆ జాబితా మీద సంతకం చేయవలసింది పంచులు. మీ సంతకం అడిగితే చదవకుండా చేయకండి, ఖాళీ కాగితం మీద అసలే చేయకండి. తప్పనిసరి అయితే “నకలు అందినది, పైన చెప్పిన చోట ఈ వస్తువులు దొరికాయన్నదానికి నా అభ్యంతరం ఉన్నది” అని తేదీ, సమయంతో రాసి సంతకం పెట్టండి.

105వ సెక్షన్ కొత్తగా వచ్చింది. సోదా, స్వాధీనం, జాబితా తయారీ, పంచుల సంతకాలతో సహా మొత్తం ప్రక్రియను ఆడియో వీడియోలో రికార్డు చేయాలి, ఆ రికార్డింగును ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. అలా చేయకపోతే ఏమవుతుందో ఆ సెక్షన్ చెప్పలేదు. అందువల్ల వీడియో లేదన్న ఒక్క కారణంతో సోదా రద్దవుతుందని నమ్మకం పెట్టుకోకండి. ఉన్న వీడియోను మాత్రం క్షుణ్ణంగా చూడాలి. గుమ్మంలో అడుగుపెట్టకముందు మొదలైందా, లేక బీరువా తలుపు తెరిచి ఉండగా మొదలైందా? మధ్యలో కోతలున్నాయా? బంగారం కనిపించిన క్షణం అందులో ఉందా, లేక బల్లమీద పరిచి పెట్టిన వస్తువులు మాత్రమే కనిపిస్తున్నాయా? పంచులు సంతకం పెడుతున్నది అక్కడేనా? రికార్డింగు కోర్టులో సాక్ష్యం కావాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద హ్యాష్ విలువతో, అంటే ఫైలును ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ గుర్తుతో, కూడిన సర్టిఫికెట్ ఉండాలి. అది సరిగా ఉందో లేదో కూడా చూడండి.

పోలీసులు వెళ్లిపోయిన వెంటనే చేయవలసిన పని మరొకటి ఉంది. వీధిలోని ఇళ్ల, దుకాణాల సీసీ కెమెరాల దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతాయి, ఆ రోజే వెళ్లి నకలు తీసుకోండి. ముద్దాయిని పంచనామాలో చూపిన సమయానికంటే ముందే స్టేషనుకు తీసుకెళ్లారన్నది మీ వాదన అయితే, ఆ స్టేషను సీసీ కెమెరా రికార్డును భద్రపరచమని మేజిస్ట్రేటు ముందు వెంటనే దరఖాస్తు పెట్టండి. 2020లో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో కెమెరాలు పెట్టాలని, రికార్డును 18 నెలలు, అది సాధ్యం కాకపోతే కనీసం ఏడాది పాటు ఉంచాలని ఆదేశించింది.

“ముద్దాయి చూపించగా” దొరికిన సొత్తు

“మా సమక్షంలో ముద్దాయి ఇష్టపూర్వకంగా చెప్పి, తన వెంట వస్తే చూపిస్తానని తెలుపగా” అన్న తరహా వాక్యం చోరీ పంచనామాల్లో తరచుగా కనిపిస్తుంది. దీని హద్దులు నిర్ణయించిన తీర్పు గుంటూరు జిల్లా నుంచి, అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసులో వచ్చింది. 1947 నుంచి నేటిదాకా కోర్టులు దాన్నే అనుసరిస్తున్నాయి. దాని సారం ప్రకారం సాక్ష్యంగా పనికొచ్చేది వస్తువు దాచిన చోటు, ఆ చోటు ముద్దాయికి తెలుసునన్న విషయం, అంతవరకు సంబంధించిన మాటలు మాత్రమే. “ఫలానా రాత్రి ఫలానా ఇంట్లో తాళం పగలగొట్టి తెచ్చిన గొలుసు” అన్న భాగం ఒప్పుకోలు అవుతుంది, అది కొట్టివేయాలి. కోర్టులో పంచనామాను ఎగ్జిబిట్‌గా (సాక్ష్య పత్రంగా) గుర్తించేటప్పుడే ఆ వాక్యాలపై అభ్యంతరం చెప్పి రికార్డు చేయించాలి. మౌనంగా ఉంటే ఆ మాటలు న్యాయమూర్తి మనసులో నిలిచిపోతాయి.

ఇలాంటి స్వాధీనం పాత కోడ్ 100వ సెక్షన్ (ఇప్పటి 103) కింద సోదా కాదని, పంచుల సంతకం తప్పనిసరి కాదని 2001 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఢిల్లీ రాష్ట్రం వర్సెస్ సునీల్ తీర్పును ప్రాసిక్యూషన్ చూపిస్తుంది. అది నిజమే. అయినా తమ కథకు పంచులను సాక్షులుగా పెట్టుకున్నది ప్రాసిక్యూషనే కాబట్టి, ఆ పంచులు చెప్పేది పొంతన లేకుండా ఉంటే నష్టపోయేదీ వారే. సొత్తు చూపించిన చోటు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. అందరూ తిరిగే ఖాళీ స్థలంలో, గడ్డివాములో, నలుగురు అద్దెకుండే ఇంటి మెట్ల కింద దొరికితే అది ఒక్క ముద్దాయి స్వాధీనంలో ఉందనడం కష్టం. ఒకే సొత్తును ముగ్గురు ముద్దాయిలు ఒకేసారి చూపించారని రాస్తే ఎవరు ముందు చెప్పారన్న ప్రశ్న వస్తుంది. ఆ చోటు పోలీసులకు ముందే తెలిసి ఉంటే దాన్ని కొత్తగా కనుగొన్నారనడానికి వీల్లేదు.

నగల దుకాణదారులకు, తాకట్టు వ్యాపారులకు ఒక మాట. దొంగ మీ దగ్గర అమ్మాడని చెప్పి, ఆ నగ కరిగించేశారు కాబట్టి అంతే తూకం బంగారం ఇవ్వమని అడిగితే, అది చోరీ సొత్తు స్వాధీనం కాదు. 94వ సెక్షన్ కింద రాతపూర్వక నోటీసు అడగండి, మీ కొనుగోలు రిజిస్టరు నకలు ఇవ్వండి, తీసుకున్న ప్రతి గ్రాముకూ పంచుల సంతకాలతో జాబితా లేకుండా ఏదీ అప్పగించకండి. మిమ్మల్నే ముద్దాయిగా చేర్చి ఉంటే 94వ సెక్షన్ నోటీసు మీకు వర్తించదని వాదించవచ్చు; పాత కోడ్‌లోని ఇలాంటి సెక్షన్ ముద్దాయికి వర్తించదని 1965 నాటి లా రిపోర్టుల్లో ఉన్న శ్యామ్‌లాల్ చోక్సీ తీర్పు చెప్పింది.

ఎక్కడ, ఎప్పుడు సవాలు చేయాలి

వారెంటు ఇంకా అమలు కాకపోతే, దాన్ని ఇచ్చిన మేజిస్ట్రేటునే రద్దు చేయమని కోరవచ్చు. వారెంటు రద్దయ్యేదాకా గాని అమలయ్యేదాకా గాని అమల్లో ఉంటుంది. సెషన్స్ కోర్టులో రివిజన్ (కింది కోర్టు ఉత్తర్వును పునఃపరిశీలించమనే పిటిషన్) వేస్తే, సవాలు చేసిన ఉత్తర్వు మధ్యంతర ఉత్తర్వు అని, 438వ సెక్షన్ అందుకు అడ్డమని అభ్యంతరం ఎదురవుతుంది. హైకోర్టులో 528వ సెక్షన్ కింద పిటిషన్ గాని, రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ గాని వేయవచ్చు. సోదా పూర్తయి, సొత్తు కోర్టుకు చేరాక హైకోర్టు సాధారణంగా ఈ అంశాలన్నీ విచారణలో తేల్చుకోమంటుంది. అందువల్ల వారెంటు పరిధి దాటి చేసిన సోదా, కేసుతో ఏ సంబంధమూ లేని వస్తువుల స్వాధీనం, పదేపదే వేధింపు సోదాలు వంటి సందర్భాలకే ఆ దారిని ఉంచుకోవడం వివేకం.

బెయిలు దశలో సోదా లోపాలు బాగా పనికొస్తాయి. ముద్దాయిని కేసుతో కలిపేది ఒక్క స్వాధీనమేనని, దాని జాబితా నకలు కూడా ఇవ్వలేదని, 48 గంటల్లో కారణాలు కోర్టుకు చేరలేదని కాగితాలతో చూపితే న్యాయమూర్తి పట్టించుకుంటారు. మేజిస్ట్రేటు విచారించే వారెంటు కేసుల్లో (రెండేళ్లకు మించి శిక్ష పడే నేరాల కేసుల్లో; సోదా వారెంటుతో దీనికి సంబంధం లేదు) 262వ సెక్షన్ కింద డిశ్చార్జి పిటిషన్, అంటే విచారణకు ముందే కేసు నుంచి విడుదల చేయమనే పిటిషన్, వేయడానికి, పత్రాల నకళ్లు అందిన తేదీ నుంచి 60 రోజుల గడువు ఉంది. సోదా చట్టవిరుద్ధం అన్న ఒక్క కారణంతో డిశ్చార్జి రావడం కష్టం. ఇతర సాక్ష్యం ఏమీ లేకుండా, చూపిన సొత్తు ఎఫ్ఐఆర్‌లోని సొత్తుతో ఏమాత్రం సరిపోలకపోతే మాత్రం ప్రయత్నించాలి.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో

ముందు ఎఫ్ఐఆర్‌ను, స్వాధీన జాబితాను పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫిర్యాదిదారు కోస్తా ప్రాంతపు ఇల్లాలు అయితే “మూడు కాసుల గొలుసు” అని చెప్పి ఉంటుంది. కాసు అంటే 8 గ్రాములు కనుక అది దాదాపు 24 గ్రాములు. తెలంగాణ నగల దుకాణంలో “మూడు తులాలు” అంటే 30 గ్రాములు. స్వాధీన జాబితాలో 30 గ్రాముల గొలుసు కనిపిస్తే, ఆ తేడా ఎలా వచ్చిందో, ఎవరు తూచారో, ఏ త్రాసుతో తూచారో, కంసాలి అక్కడ ఉన్నాడో లేదో అడగాలి. గొలుసుకు ఎస్ హుక్ ఉందని ఫిర్యాదులో లేకుండా జాబితాలో ఉంటే, లేదా గాజు లోపలివైపు ఉన్న దుకాణం ముద్ర జాబితాలో లేకపోతే, గుర్తింపు బలహీనపడుతుంది. 2023 ఏప్రిల్ తర్వాత కొన్న నగ అయితే దానిమీద అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే హాల్‌మార్క్ సంఖ్య ఉండాలి. బిల్లులోని సంఖ్యతో అది కలిసిందా అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. సొత్తును గుర్తింపజేసేటప్పుడు ప్రతి వస్తువునూ విడిగా, అలాంటి మరికొన్నింటితో కలిపి పెట్టాలని, గుర్తులు ముందుగా చెప్పించాలని మన క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ చెబుతున్నాయి. స్టేషనులో బల్లమీద పెట్టి “ఇవి మీవేనా” అని చూపించి ఉంటే, ఆ గుర్తింపుకు విలువ ఎంతో కోర్టును ఆలోచింపజేయాలి.

దర్యాప్తు అధికారిని అడగవలసినవి చాలావరకు సమయాలకు సంబంధించినవే. స్టేషను నుంచి బయలుదేరినట్టు జనరల్ డైరీలో (స్టేషను రోజువారీ నమోదు పుస్తకంలో) రాసిన సమయం, వాహనం లాగ్‌బుక్‌లోని సమయం, పంచనామా మొదలైన, ముగిసిన సమయాలు, అరెస్టు చూపిన సమయం, సొత్తు కోర్టుకు చేరిన తేదీ. మూడు గదుల ఇంటిని సోదా చేసి, పది వస్తువులను తూచి, ఆరు పేజీలు చేత్తో రాసి, సీలు వేసి, అంతా 40 నిమిషాల్లో ముగించామంటే న్యాయమూర్తికి ఇక ఎవరూ చెప్పనక్కరలేదు. సీలు ఎవరి దగ్గర ఉంది, ప్యాకెట్ మీద పంచుల సంతకాలున్న చీటీ ఉందా, కోర్టులో తెరిచినప్పుడు సీలు చెక్కుచెదరకుండా ఉందా అన్నవి తప్పకుండా అడగండి. పంచులను మాత్రం తక్కువ ప్రశ్నలతో వదిలేయడం మంచిది. తాము సంతకం ఎక్కడ పెట్టారో, చదివాక పెట్టారో లేదో అడిగితే చాలు. ఎక్కువ అడిగే కొద్దీ కథలోని ఖాళీలను వారే పూరిస్తారు.

అధికారి కావాలనే చట్టాన్ని ఉల్లంఘించి దర్యాప్తు చేశాడని ఆధారాలుంటే భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే వీలుంది. ఆ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి అక్కరలేదు గాని, ఆ పోరాటం దీర్ఘమైనది. దాన్ని డిఫెన్సు కేసుతో కలపకుండా విడిగా నడపండి.

సొత్తు విషయం కేసు ముగిసేదాకా ఆగనక్కరలేదు. కోర్టు ముందుకు వచ్చిన సొత్తుకు 14 రోజుల్లో వివరాల పట్టిక తయారుచేసి, ఫోటోలు, వీడియో తీయించి, ఆ పట్టిక తయారైన 30 రోజుల్లో దాన్ని ఎవరికి అప్పగించాలో నిర్ణయించాలని 497వ సెక్షన్ చెబుతోంది. మీ సొంత నగను చోరీ సొత్తుగా తీసుకెళ్లారనుకుంటే, కొనుగోలు బిల్లు, పెళ్లి ఫోటోలు, పాత తాకట్టు రసీదు జతచేసి అప్పుడే దరఖాస్తు పెట్టండి. అలా పెట్టకుండా ఊరుకుంటే, మీరు నిర్దోషిగా విడుదలైనా ఆ నగ దానంతటదే మీ ఇంటికి తిరిగి రాదు. ఎవరికి చెందాలన్నది 498వ సెక్షన్ కింద కోర్టు విడిగా తేలుస్తుంది, ఫిర్యాదిదారు అప్పటికే దాన్ని మధ్యంతరంగా తీసుకుని ఉంటే తిరిగి రప్పించుకోవడానికి ఆ సెక్షన్ కిందే మీరు పిటిషన్ వేసుకోవాలి.